డేటా ఫైల్‌ని మార్చే ముందు సరిచూసుకోవడం ఎలా: ఓపెన్‌రిఫైన్‌లో మెనూలతోనే మొత్తం పని

డేటా ఫైల్‌ని ఒక ఫార్మాట్ నుంచి ఇంకో ఫార్మాట్‌లోకి మార్చడం అంటే 'సేవ్ యాజ్' కొట్టడమే అని చాలామంది అనుకుంటారు. ఫైల్ మారుతుంది, ఎర్రర్ కూడా ఏమీ రాదు. రెండు వారాలు పోయాక ఎవరో ఫోన్ చేసి "ఈ నంబర్లకి ముందు సున్నాలు ఉండాలి కదా, ఏమయ్యాయి?" అని అడుగుతారు, అప్పటికి పాత ఫైల్ మీద కొత్తది సేవ్ అయిపోయి ఉంటుంది. అందుకే ఇక్కడ ఫైల్ మార్చే పని చివరికి గానీ రాదు, ఎక్కువ భాగం సరిచూసుకోవడం గురించే చెప్తాను. తప్పున్న డేటాని మార్చినంత మాత్రాన తప్పు పోదు. పాత ఫైల్‌లో అది తప్పని కనిపెట్టడానికి ఉన్న ఆనవాళ్లు కూడా కొత్త ఫైల్‌లో చెరిగిపోతాయి, నాకు అసలు భయం అక్కడే.

దీనికి నేను వాడేది ఓపెన్‌రిఫైన్. ఉచితం, ఓపెన్ సోర్స్, విండోస్‌లో, మాక్‌లో, లినక్స్‌లో నడుస్తుంది. 2010లో ఫ్రీబేస్ గ్రిడ్‌వర్క్స్ అనే పేరుతో వచ్చింది, దాన్ని తయారుచేసిన కంపెనీని గూగుల్ కొన్నాక గూగుల్ రిఫైన్ అయింది, 2012లో గూగుల్ పక్కకి తప్పుకున్నాక ఓపెన్‌రిఫైన్ అయింది. కోడ్ రాయడం రానివాళ్లు కూడా మెనూలతోనే చాలా దూరం వెళ్లొచ్చు. ఇది బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది కాబట్టి డేటా ఎక్కడికో అప్‌లోడ్ అవుతోందని కొందరు టెన్షన్ పడతారు. అడ్రస్ బార్‌లో చూడండి, 127.0.0.1:3333 అని ఉంటుంది, అంటే అది మీ కంప్యూటరే. బయటి సర్వీసులతో పోల్చే ఆప్షన్లు మీ అంతట మీరు వాడితే తప్ప డేటా మీ మెషీన్ దాటదు. ఇంకో మంచి సంగతి, మీరిచ్చిన అసలు ఫైల్‌ని ఇది ముట్టుకోదు, దాన్ని చదువుకుని తన దగ్గర ఒక ప్రాజెక్ట్‌గా పెట్టుకుంటుంది.

ఉదాహరణకి ఒక లైబ్రరీ పుస్తకాల జాబితా అనుకుందాం. పుస్తకం నంబర్, పేరు, రచయిత, ఐఎస్‌బీఎన్ (పుస్తకాలకి ఇచ్చే అంతర్జాతీయ నంబర్), ప్రచురించిన ఏడాది, పేజీలు, విభాగం, లైబ్రరీలో చేర్చిన తేదీ, ఇవీ కాలమ్స్. సీఎస్‌వీ ఫైల్ (విలువల మధ్య కామాలు పెట్టి రాసే మామూలు టెక్స్ట్ ఫైల్), మొత్తం 3,412 పుస్తకాలు. దీన్ని కొత్త క్యాటలాగ్ సాఫ్ట్‌వేర్‌కి జేసన్‌లో (ప్రతి విలువ పక్కన దాని పేరు కూడా రాసే టెక్స్ట్ ఫార్మాట్) ఇవ్వాలి. మీ దగ్గర ఉన్నది రోగుల జాబితా అయినా, సెన్సర్ రీడింగులైనా, సర్వే జవాబులైనా పద్ధతి ఇదే.

లోపలికి తెచ్చేటప్పుడే సగం పని

'క్రియేట్ ప్రాజెక్ట్' నొక్కి, 'దిస్ కంప్యూటర్' ఎంచుకుని, ఫైల్ ఇచ్చి, 'నెక్స్ట్' కొట్టండి. వెంటనే ప్రివ్యూ వస్తుంది, కింద బోలెడు ఆప్షన్లు ఉంటాయి. తొందరపడి పైన కుడివైపున్న 'క్రియేట్ ప్రాజెక్ట్' బటన్ నొక్కేయకండి. ఇక్కడ ఒక ఐదు నిమిషాలు కూర్చుంటే తర్వాత రెండు గంటలు మిగులుతాయి.

మొదట క్యారెక్టర్ ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలని ఫైల్‌లో ఏ అంకెలుగా దాచాలో చెప్పే పద్ధతి. తెలుగు అక్షరాలు ఉండాల్సిన చోట నెత్తిన గీత ఉన్న ఇంగ్లీష్ 'ఎ', దాని పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే జత, మళ్లీ అదే, ఇలా కనిపిస్తోందంటే డేటా పాడవలేదు, చదవడమే తప్పుగా చదువుతోంది. యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో ఒక్కో తెలుగు యూనికోడ్ గుర్తుకి మూడు బైట్లు పడతాయి, ఆ మూడింటినీ మూడు వేర్వేరు ఇంగ్లీష్ అక్షరాలుగా చదివితే ఆ గజిబిజి వస్తుంది. ఎన్‌కోడింగ్ పెట్టెలో క్లిక్ చేసి యూటీఎఫ్-8 ఎంచుకోండి, ప్రివ్యూ మారిపోతుంది. అలా కాకుండా తెలుగు ఉండాల్సిన చోట వరసగా ప్రశ్నార్థకాలు కనిపిస్తే మాత్రం ఆశ పెట్టుకోకండి. ఎవరో దాన్ని తెలుగు పట్టని ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేశారు, అక్షరాలు అప్పుడే పోయాయి. ఏ టూల్ వాటిని తిరిగి తేలేదు, పాత కాపీ అడగాల్సిందే.

తర్వాత కాలమ్స్‌ని ఏ గుర్తు విడదీస్తోందో చూడండి, కామానా, ట్యాబా, సెమీకోలనా అని. దాని దగ్గర్లోనే కోట్ గుర్తు గురించి ఒక టిక్ ఉంటుంది. పుస్తకం పేరులో కామా ఉంటే ఆ పేరు మొత్తాన్ని కోట్స్‌లో పెడతారు, ఆ టిక్ ఉంటేనే టూల్‌కి అది అర్థమవుతుంది. కానీ ఫైల్‌లో ఎక్కడో ఒక్క కోట్ తెరిచి మూయకుండా వదిలేశారనుకోండి, అక్కడి నుంచి తర్వాతి కోట్ దొరికేదాకా ఉన్న వరసలన్నీ ఒకే గడిలోకి వెళ్లిపోతాయి. వందల వరసలు అలా మాయమవ్వచ్చు, అయినా ఎర్రర్ రాదు. దీనికి వరసల లెక్కే మందు. అసలు ఫైల్‌లో ఎన్ని వరసలున్నాయో ముందే నోట్‌ప్యాడ్ లాంటి ఒక ఎడిటర్‌లో చూసి కాగితం మీద రాసుకోండి, ప్రాజెక్ట్ తెరుచుకున్నాక పైన ఎడమవైపు కనిపించే సంఖ్యతో పోల్చండి, మొదటి హెడింగ్ వరసని లెక్కలోంచి తీసేయడం మర్చిపోకుండా. ఒక గడిలో నిజంగానే రెండు లైన్ల టెక్స్ట్ ఉంటే ఎడిటర్‌లో లెక్క కొంచెం ఎక్కువ చూపిస్తుంది, ఆ తేడా ఎక్కడిదో తేలేదాకా ముందుకి వెళ్లకండి.

వరసల లెక్క చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, 2020 సెప్టెంబర్ 25కీ అక్టోబర్ 2కీ మధ్య ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కల్లోకి ఎక్కకుండా ఉండిపోయాయి. ల్యాబుల నుంచి వచ్చిన ఫైళ్లని పాత ఎక్సెల్ ఫార్మాట్‌లోకి ఎక్కించారు, దానికి షీట్‌కి 65,536 వరసలే పడతాయి, మిగతావి చప్పుడు లేకుండా రాలిపోయాయి. కొత్త ఎక్సెల్ ఫార్మాట్ హద్దు 10,48,576 వరసలు. ఇదీ హద్దే కాబట్టి పెద్ద ఫైళ్లవాళ్లు గుర్తుపెట్టుకోండి.

ఇక ఈ స్క్రీన్ మీద అన్నిటికంటే ముఖ్యమైన టిక్ ఒకటుంది, 'అటెంప్ట్ టు పార్స్ సెల్ టెక్స్ట్ ఇంటు నంబర్స్' అని. అది ఆన్‌లో ఉంటే తీసేయండి. నా పద్ధతి మొత్తం దీని మీదే నిలబడింది: అన్నిటినీ మామూలు టెక్స్ట్‌గానే లోపలికి తెచ్చుకోవాలి, ఏది నంబరో ఏది తేదీయో చూసి మనమే చెప్పాలి, టూల్‌ని ఊహించనివ్వకూడదు. మన జాబితాలో పుస్తకం నంబర్ 000417. ఊహించనిస్తే అది 417 అయిపోతుంది, పుస్తకం మీద అతికించిన లేబుల్‌తో ఇక కలవదు. టూల్ ఊహల వల్ల వ్యవహారం ఎంత దూరం వెళ్లిందంటే, మార్చ్1, సెప్ట్2 లాంటి జీన్ (జన్యువు) పేర్లని ఎక్సెల్ పదేపదే తేదీలుగా మార్చేస్తుంటే భరించలేక, జీన్లకి పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీ 2020లో ఆ జీన్ల పేర్లే మార్చుకుంది.

మీ ఫైల్ ఎక్సెల్‌ది అయితే ఒక తేడా ఉంది. ఎక్సెల్ గడుల్లో నంబర్, తేదీ అనే రకాలు ముందే లోపల ఉంటాయి, ఓపెన్‌రిఫైన్ వాటినే తీసుకుంటుంది. అప్పుడు ఏ షీట్లు కావాలో టిక్‌లు చూసుకోండి, కాలమ్స్ వేరువేరుగా ఉన్న రెండు షీట్లని ఒకేసారి తెస్తే కలగాపులగం అవుతుంది.

ఒక్కో కాలమ్‌ని పట్టి చూడటం

ప్రాజెక్ట్ తెరుచుకుంది, 3,412 వరసలు, లెక్క కలిసింది. ఇప్పుడు సరిచూసే పని. ఓపెన్‌రిఫైన్‌లో దీనికి ఆయుధం ఫేసెట్. కాలమ్ పేరు పక్కనున్న చిన్న బాణం నొక్కి, 'ఫేసెట్' మీదికి వెళ్లి, 'టెక్స్ట్ ఫేసెట్' ఎంచుకుంటే ఎడమవైపు ఆ కాలమ్‌లో ఏయే విలువలున్నాయి, ఒక్కోటి ఎన్నిసార్లుందో జాబితా వస్తుంది. పది వేల వరసలని కళ్లతో స్క్రోల్ చేస్తే దొరకని తప్పు ఇందులో పది సెకన్లలో దొరుకుతుంది.

పుస్తకం నంబర్‌తో మొదలుపెట్టండి. ఇది ఏ రెండు పుస్తకాలకీ ఒకటే ఉండకూడదు, ఖాళీగా కూడా ఉండకూడదు. 'ఫేసెట్', 'కస్టమైజ్డ్ ఫేసెట్స్', 'డూప్లికేట్స్ ఫేసెట్', ఇదీ వరస. 'ట్రూ' అనేదాని పక్కన ఏదైనా సంఖ్య ఉంటే దాని మీద నొక్కండి, ఆ వరసలు మాత్రమే మిగులుతాయి. అదే మెనూలో 'ఫేసెట్ బై బ్లాంక్' కూడా వేసి చూడండి. డూప్లికేట్ కనిపించగానే చెరిపేయకండి. ఒకే పుస్తకం రెండుసార్లు టైప్ చేశారా, లేక రెండు వేర్వేరు పుస్తకాలకి పొరపాటున ఒకే నంబర్ పడిందా అన్నది వరస మొత్తం చదివితేనే తెలుస్తుంది. రెండోదైతే, చెరిపేసిన మరుక్షణం ఒక పుస్తకం జాబితాలోంచి పోయినట్టే. అదే ఐఎస్‌బీఎన్ రెండుసార్లు వచ్చిందంటే తప్పేమీ కాదు, ఒకే పుస్తకానికి రెండు కాపీలు ఉండొచ్చు. ఏ కాలమ్‌కి ఏ నియమమో టూల్‌కి తెలియదు, మీకు తెలియాలి. అందుకే మొదలుపెట్టే ముందే కాలమ్‌కి ఒక లైన్ చొప్పున నియమాలు రాసుకోమంటాను.

ఐఎస్‌బీఎన్ కాలమ్ చాలా నేర్పిస్తుంది. పేరుకి నంబర్, కానీ నంబర్ కాదు. 2007 జనవరి 1 నుంచి 13 అంకెలది వాడుతున్నారు, 978తో గానీ 979తో గానీ మొదలవుతుంది. అంతకుముందుది పదక్షరాలది, దాని చివర అంకెకి బదులు ఇంగ్లీష్ 'ఎక్స్' కూడా రావచ్చు, ముందు సున్నా ఉండొచ్చు. ముందుగా 'ఎడిట్ సెల్స్', 'రీప్లేస్' తెరిచి, హైఫన్‌ని వెతికి దాని స్థానంలో ఏమీ లేకుండా మార్చండి. తర్వాత కస్టమైజ్డ్ ఫేసెట్స్‌లో 'టెక్స్ట్ లెంత్ ఫేసెట్' వేయండి. 10 దగ్గర ఒక కడ్డీ, 13 దగ్గర ఒక కడ్డీ, అంతే ఉండాలి. 9 దగ్గర కడ్డీ కనిపించిందంటే ఆ ఫైల్ ఎప్పుడో ఎక్సెల్ గుండా వెళ్లి ముందు సున్నా పోగొట్టుకుందన్నమాట. ఆ సున్నాని వెనక్కి పెట్టొచ్చు, ఎందుకంటే పది ఉండాలని మనకి తెలుసు. కానీ గడిలో 9.78 పక్కన 'ఈ+12' అని కనిపిస్తే చేసేదేమీ లేదు. ఎక్సెల్ పెద్ద నంబర్‌ని కుదించి చూపించింది, దాన్ని అలాగే సీఎస్‌వీగా సేవ్ చేశారు, సేవ్ అయింది ఆ కుదించిన రూపమే. మిగతా అంకెలు ఫైల్‌లో లేవు. అలాంటి వరసల జాబితా తీసి, పుస్తకాలు చూసి మళ్లీ టైప్ చేయించడం తప్ప దారి లేదు.

ఏడాది కాలమ్‌ని 'ఎడిట్ సెల్స్', 'కామన్ ట్రాన్స్‌ఫార్మ్స్', 'టు నంబర్' ద్వారా నంబర్‌గా మార్చండి. మారినవి ఆకుపచ్చ రంగులోకి వస్తాయి, మారనివి నల్లగానే ఉంటాయి, ఈ రంగు తేడా గమనించడం అలవాటు చేసుకోండి. తర్వాత 'న్యూమరిక్ ఫేసెట్' వేస్తే చిన్న గ్రాఫ్ వస్తుంది, కింద న్యూమరిక్, నాన్ న్యూమరిక్, బ్లాంక్, ఎర్రర్ అని టిక్‌లు ఉంటాయి. నాన్ న్యూమరిక్ ఒక్కటే ఉంచి మిగతావి తీసేస్తే నంబర్ కాలేకపోయినవన్నీ ఒకచోటికి వస్తాయి: "1998?", "సుమారు 1960", "తెలియదు", ఇలాంటివి. గ్రాఫ్‌లో దూరంగా ఒంటరిగా నిలబడ్డ కడ్డీలు చూడండి, 0 దగ్గరో 9999 దగ్గరో ఉంటాయి. అవి నిజమైన ఏళ్లు కావు, ఎవరో 'తెలియదు' అనడానికి వాడిన గుర్తులు. వాటిని ఖాళీ చేయాలి, లేకపోతే కొత్త సాఫ్ట్‌వేర్‌లో "అన్నిటికంటే పాత పుస్తకం" అని వెతికితే సున్నా ఏడాది పుస్తకం వస్తుంది.

ఈ కాలమ్‌లోనే ఇంకో వింత చూశాను, చెప్పి తీరాలి. ఏడాది ఉండాల్సిన చోట కొన్ని వరసల్లో 1905 మే, జూన్, జూలై తేదీలు ఉన్నాయి. 1905 జూన్ 27 అయితే మళ్లీ మళ్లీ వచ్చింది. అంత పాత పుస్తకాలు అక్కడ లేవు. తీరా చూస్తే, తేదీ ఫార్మాట్‌లో ఉన్న ఎక్సెల్ గడిలో ఎవరో 2005 అని టైప్ చేశారు. ఎక్సెల్‌కి తేదీ అంటే 1900 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన రోజుల సంఖ్య, ఆ లెక్కలో 2005వ రోజు 1905 జూన్ 27. 1950 నుంచి 2025 దాకా ఏ ఏడాది టైప్ చేసినా 1905 మే 3కీ జూలై 17కీ మధ్యే పడుతుంది. అదృష్టం ఏంటంటే ఈ తప్పుని పూర్తిగా సరిదిద్దొచ్చు, జూన్ 28 అంటే 2006, జూన్ 26 అంటే 2004, అలా లెక్కపెట్టుకుంటూ పోవడమే.

పేజీల కాలమ్‌లో "1,024", "320 పేజీలు" లాంటివి ఉంటాయి. రీప్లేస్‌తో కామా తీసేయండి, "పేజీలు" అనే మాట తీసేయండి, ఖాళీలు ట్రిమ్ చేయండి, టు నంబర్ కొట్టండి, మిగిలిన నాలుగైదు చేత్తో చూసుకోండి. ఇందులో పెద్ద విశేషం లేదు.

విభాగం, రచయిత కాలమ్స్ వేరే సంగతి. టెక్స్ట్ ఫేసెట్‌లో "నవల", "నవలలు", "నవల " (చివర ఖాళీతో) మూడూ మూడు విలువలుగా కనిపిస్తాయి. ముందు కామన్ ట్రాన్స్‌ఫార్మ్స్‌లో ముందు వెనక ఖాళీలు తీసే 'ట్రిమ్', మధ్యలో రెండేసి ఖాళీలని ఒకటి చేసే 'కొలాప్స్' రెండూ కొట్టండి. తర్వాత ఫేసెట్ జాబితాలో తప్పు విలువ మీదికి మౌస్ తీసుకెళ్తే 'ఎడిట్' అని వస్తుంది, అక్కడ ఒక్కసారి సరిచేస్తే ఆ విలువ ఉన్న అన్ని వరసల్లోనూ మారుతుంది.

ట్రిమ్ చేశాక కూడా "జర్నల్" అనేది రెండుసార్లు కనిపిస్తే కంగారుపడకండి. చూడటానికి రెండూ అచ్చం ఒకటే, కానీ ఒకదాని చివర కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది, పొల్లు తర్వాతి అక్షరం కలిసిపోకుండా ఆపడానికి తెలుగు కీబోర్డులు వేసే జీరో విడ్త్ నాన్ జాయినర్. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాట మధ్యలో అది అవసరమే, మాట చివర పడితే ఎవరికీ కనిపించదు, కంప్యూటర్‌కి మాత్రం అది వేరే మాట. ట్రిమ్ దాన్ని ఖాళీగా లెక్కపెట్టదు కాబట్టి వదిలేస్తుంది. టెక్స్ట్ లెంత్ ఫేసెట్ వేస్తే ఒకటి ఒక గుర్తు పొడుగ్గా తేలుతుంది. ఫేసెట్‌లో ఎడిట్ నొక్కి, ఉన్నదంతా చెరిపి మాటని కొత్తగా టైప్ చేయండి, రెండూ కలిసిపోతాయి. తెలుగు డేటా మీద పనిచేసేవాళ్లు ఈ ఒక్క సంగతి తెలియక గంటలు పోగొట్టుకోవడం చూశాను, పాపం అనిపిస్తుంది.

రచయిత పేర్లకి ఫేసెట్ పైనున్న 'క్లస్టర్' బటన్ వాడండి. "రావు, వి." అనీ "వి. రావు" అనీ ఉన్నవాటిని ఫింగర్‌ప్రింట్ పద్ధతి పట్టుకుంటుంది, ఎందుకంటే అది విరామ చిహ్నాలు తీసేసి మాటల్ని వరసలో పెట్టి పోలుస్తుంది. టైపింగ్ తప్పులకి నియరెస్ట్ నైబర్‌లో లెవెన్‌స్టైన్ ఉంది, ఎన్ని అక్షరాల తేడా ఉందో లెక్కపెడుతుంది. జాబితాలో మెటాఫోన్ లాంటి ఉచ్చారణ పద్ధతులు కూడా కనిపిస్తాయి, అవి ఇంగ్లీష్ లాంటి భాషల కోసం చేసినవి, తెలుగు పేర్లకి పనికిరావు. ఒక్క మాట, 'సెలెక్ట్ ఆల్' కొట్టి 'మెర్జ్' చేయడం మాత్రం వద్దు. రామారావు, రమారావు వేరు వేరు మనుషులు కావచ్చు. ఒక్కో గుంపూ చదివి టిక్ పెట్టండి.

తేదీలు

దీనికి కాస్త ఓపిక కావాలి. 03/04/2023 అంటే ఏప్రిల్ 3వ తేదీనా, మార్చి 4వ తేదీనా? కామన్ ట్రాన్స్‌ఫార్మ్స్‌లో 'టు డేట్' ఉంది, నొక్కితే ఏదో ఒకటి ఎంచుకుని మార్చేస్తుంది, మనల్ని అడగదు. నేనైతే దాన్ని నొక్కను. తేదీని ముక్కలు చేసి చూస్తాను.

'ఎడిట్ కాలమ్', 'స్ప్లిట్ ఇంటు సెవరల్ కాలమ్స్' తెరవండి. సెపరేటర్ దగ్గర స్లాష్ (/) ఇవ్వండి (కొన్ని తేదీల్లో చుక్కలో హైఫన్లో ఉంటే ముందే రీప్లేస్‌తో స్లాష్‌లుగా మార్చుకోండి). 'గెస్ సెల్ టైప్' టిక్ తీసేయండి, లేకపోతే 04 కాస్తా 4 అవుతుంది. 'రిమూవ్ దిస్ కాలమ్' టిక్ కూడా తీసేయండి, అసలు తేదీ పక్కనే ఉండాలి. ఇప్పుడు మూడు కొత్త కాలమ్స్ వస్తాయి. మూడింటికీ టెక్స్ట్ ఫేసెట్ వేయండి.

మధ్య కాలమ్ నెల అయితే 01 నుంచి 12 దాకానే ఉండాలి. అందులో 13, 19, 27 లాంటివి కనిపించాయంటే ఆ వరసల్లో నెల ముందు, తేదీ తర్వాత రాశారని రుజువైనట్టే. మూడో కాలమ్‌లో ఏడాదికి బదులు రెండంకెలవి ఉంటే, అవి ఏడాదిని ముందు రాసిన వరసలవా, లేక 2023ని 23 అని రాసినవా అన్నది వరస చూసి తేల్చుకోండి. ఒక్క అంకెతో ఉన్న 3, 7 లాంటివాటిని ఫేసెట్‌లోనే ఎడిట్ చేసి 03, 07 చేయండి, మహా అయితే కాలమ్‌కి తొమ్మిది ఉంటాయి.

తర్వాత చేర్చిన తేదీ కాలమ్ మెనూలో 'ఎడిట్ కాలమ్', 'జాయిన్ కాలమ్స్'. ఏడాది, నెల, రోజు వరసలో పెట్టి, సెపరేటర్‌గా హైఫన్ ఇచ్చి, 'కొత్త తేదీ' అనే కొత్త కాలమ్‌లో రాయమనండి. 2023-04-03 అని వస్తుంది. ఏ దేశంవాళ్లకైనా, ఏ సాఫ్ట్‌వేర్‌కైనా ఒకే అర్థం వచ్చే రాత ఇది, అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 8601 చెప్పేది ఇదే. టెక్స్ట్‌గా సార్ట్ చేసినా తేదీల వరసలోనే వస్తుంది. ఇప్పుడు మధ్య కాలమ్ ఫేసెట్‌లో 12 దాటినవాటన్నిటినీ 'ఇన్‌క్లూడ్' తో ఎంచుకుని, కొత్త తేదీ కాలమ్ మెనూ నుంచి మళ్లీ జాయిన్ చేయండి, ఈసారి నెల, రోజు తారుమారు చేసి, అదే కాలమ్‌లో రాయమని. ఫేసెట్ పెట్టి ఉన్నప్పుడు మార్పు కనిపించే వరసలకి మాత్రమే జరుగుతుంది, మనకి కావాల్సింది అదే.

మిగిలేవి అసలు చిక్కువి: 03/04, 05/11, రెండూ 12 లోపే. వీటిని ఏ టూల్ తేల్చలేదు, కానీ డేటా తేల్చగలదు. మన జాబితాలో పుస్తకాలు వచ్చిన వరసలోనే నంబర్లు ఇస్తారు కదా, అంటే పుస్తకం నంబర్ పెరిగేకొద్దీ చేర్చిన తేదీ కూడా ముందుకే వెళ్లాలి. పుస్తకం నంబర్ మీద సార్ట్ చేసి కొత్త తేదీ కాలమ్ కిందికి చదువుకుంటూ పోండి. 002116 ఫిబ్రవరి 27, 002118 మార్చి 6 అయితే, వాటి మధ్యలో ఉన్న 002117కి కనిపించే ఏప్రిల్ 3 తప్పు, అది మార్చి 4. సాధారణంగా ఇలాంటివి చెల్లాచెదురుగా ఉండవు, ఒక గుత్తిలా ఉంటాయి, ఆ రోజుల్లో టైప్ చేసిన కంప్యూటర్ సెట్టింగ్ వేరుగా ఉండి ఉంటుంది. గుత్తి ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో దొరికితే పని సులువు. అలా కూడా తేలనివి ఉంటే, 'ఆల్' కాలమ్‌లో ఆ వరసల ముందున్న జెండా గుర్తు నొక్కి పక్కన పెట్టి, డేటా ఇచ్చినవాళ్లని అడగండి. ఊహించి రాయడం కంటే ఖాళీగా ఇవ్వడం మేలు.

ఇప్పుడు మార్చడం

ఇంత చేశాక మార్చడం నిజంగా చిన్న పనే. కానీ 'ఎక్స్‌పోర్ట్' నొక్కే ముందు ఎడమవైపు ఫేసెట్లన్నిటినీ 'రిమూవ్ ఆల్' కొట్టి తీసేయండి. ఫేసెట్ గానీ ఫిల్టర్ గానీ ఆన్‌లో ఉంటే ఎక్స్‌పోర్ట్ అయ్యేది కనిపించే వరసలే. ఒకసారి జెండా పెట్టిన వరసల ఫేసెట్ ఆన్‌లో ఉండగానే ఎక్స్‌పోర్ట్ చేసి పంపేశాను, మూడు వేలకి పైగా ఉండాల్సిన వరసలు రెండు వందల పైచిలుకే వెళ్లాయి, అవతలివాళ్లు అదే మొత్తం అనుకుని పాత జాబితా తీసేశారు. సరిదిద్దడానికి ఒక రోజు పట్టింది. ఆ రోజు నుంచి పైన కనిపించే వరసల సంఖ్యని పైకి చదివాకే ఎక్స్‌పోర్ట్ నొక్కుతాను.

సీఎస్‌వీ, ఎక్సెల్ లాంటివి మెనూలో నేరుగా ఉన్నాయి. కొన్ని కాలమ్స్ మాత్రమే కావాలన్నా, వాటి వరస మార్చాలన్నా 'కస్టమ్ టాబ్యులర్' ఎంచుకోండి. మనం తేదీ కోసం చేసిన మూడు ముక్కల కాలమ్స్ ఇక్కడ టిక్ తీసేస్తే బయటికి రావు. అవతలివాళ్లు ఎక్సెల్‌లో తెరిచేవాళ్లైతే ఎక్సెల్ ఫైలే ఇవ్వండి. యూటీఎఫ్-8 సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేస్తే ఎక్సెల్‌లో తెలుగు గజిబిజి అయ్యే అవకాశం ఉంది, ఒకవేళ సీఎస్‌వీయే ఇవ్వాల్సి వస్తే ఎక్సెల్‌లో 'డేటా' ట్యాబ్ నుంచి ఇంపోర్ట్ చేసి 65001 యూటీఎఫ్-8 ఎంచుకోమని రాసి పంపండి.

జేసన్‌కి 'టెంప్లేటింగ్' తెరవండి. ఎడమవైపు నాలుగు పెట్టెలు, కుడివైపు ప్రివ్యూ ఉంటాయి. మొదటిది ఫైల్ మొదట్లో వచ్చేది, రెండోది ఒక్కో వరసకి అచ్చు, మూడోది వరసల మధ్య గుర్తు, నాలుగోది చివర్లో వచ్చేది. అక్కర్లేని కాలమ్ లైన్లు తీసేయొచ్చు, ఎడమవైపున్న పేర్లు కొత్త సాఫ్ట్‌వేర్ అడిగినట్టు మార్చొచ్చు. లోపలున్న 'జేసనైజ్' అనే మాటని మాత్రం కదపకండి, పుస్తకం పేరులో కోట్ గుర్తు వచ్చినప్పుడు ఫైల్ విరిగిపోకుండా కాపాడేది అదే. కాలమ్ లైన్ తీసేస్తే చివర మిగిలిన కామా కూడా తీసేయాలి, జేసన్‌లో ఆఖరి అంశం తర్వాత కామా ఉండకూడదు.

ప్రివ్యూలో ఒక వరసని నిదానంగా చదవండి. పుస్తకం నంబర్ కోట్స్ లోపల ఉండాలి, 000417 అని సున్నాలతో సహా. ఏడాది, పేజీలు కోట్స్ లేకుండా ఉండాలి, ఎందుకంటే అవి నిజంగా నంబర్లు, మనమే మార్చాం. ఖాళీ గడి 'నల్' అని రావాలి. పుస్తకం నంబర్ కోట్స్ లేకుండా కనిపిస్తే ఎక్కడో అది నంబర్‌గా మారిపోయిందని, వెనక్కి వెళ్లి చూడాలి. ఏం చేసినా వెనక్కి వెళ్లొచ్చు, ఎడమవైపు 'అన్‌డూ రీడూ' ట్యాబ్‌లో మొదటి అడుగు నుంచి అన్నీ వరసగా ఉంటాయి.

ఎక్స్‌పోర్ట్ అయిన ఫైల్‌ని మళ్లీ ఓపెన్‌రిఫైన్‌లోనే కొత్త ప్రాజెక్ట్‌గా తెరవండి. వరసలు 3,412 ఉన్నాయా, విభాగం ఫేసెట్‌లో పాత ప్రాజెక్ట్‌లో ఉన్న లెక్కలే ఉన్నాయా, ఏడాది ఖాళీలు అన్నే ఉన్నాయా అని చూడండి. ఫైల్ బాగుందో లేదో చూద్దామని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ కొట్టకండి, మళ్లీ మొదటికొస్తుంది.

వచ్చే నెల ఇలాంటి ఫైలే మళ్లీ వస్తుందనుకుంటే అన్‌డూ రీడూ ట్యాబ్‌లో 'ఎక్స్‌ట్రాక్ట్' నొక్కి, వచ్చిన టెక్స్ట్‌ని ఒక ఫైల్‌లో దాచుకోండి. కొత్త ప్రాజెక్ట్‌లో 'అప్లై' నొక్కి దాన్ని అతికిస్తే అన్ని అడుగులూ అదే వరసలో జరిగిపోతాయి, కాలమ్ పేర్లు మాత్రం పొల్లుపోకుండా అవే ఉండాలి. ఒక్కో గడిలోకి వెళ్లి చేత్తో దిద్దిన మార్పులు ఇందులోకి రావు, ఫేసెట్‌లో చేసిన ఎడిట్లు వస్తాయి, వీలైనంత వరకు ఫేసెట్‌లోనే దిద్దమనడానికి ఇదీ ఒక కారణం. అతికించాక ఏడాదికి న్యూమరిక్ ఫేసెట్, తేదీ మధ్య కాలమ్‌కి టెక్స్ట్ ఫేసెట్ మాత్రం ఈసారి కూడా మీరే వేసి చూడండి. పోయిన నెల లేని తప్పుకి పోయిన నెల అడుగుల్లో మందు ఉండదు.